అమ్మ చేతి ఆముదం

మా ఊరి వంకకు వరద వచ్చి, కళ్లాల్లో మేతకు వేసుకున్న శనక్కట్టె వాములన్నీ ఊడ్చుకుపోయిన ఏడు ఒకటుంది. దాని తరువాత రెండేళ్లు ఆ వంకలో ఇసుక తప్ప ఏమీ కదలలేదు. నేను చెప్పేది మూడో ఏటి సంగతి. బడి చదువుల లెక్కలో అది ఎనభై ఆరో, ఎనభై ఏడో. మా తనకల్లు పక్క ఎవరినడిగినా ఆ వరద పేరే చెబుతారు.

ఆ ఏడు రోహిణి కార్తెలో ఒక వాన గట్టిగా పడింది. ఇంకొక్క పదును అయితే విత్తడానికి గొర్రు కట్టవచ్చు. ఊరంతా విత్తనానికి వేరుశనగ కాయలు ఒలవడానికి కూర్చుంది. మిషనుకు వేస్తే పప్పు మీది పొర చెదురుతుంది, మొలక రాదు. అందుకని విత్తనానికి చేత్తోనే ఒలవాలి. పొద్దున సంగటి తిని బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, మళ్లీ లేచేది పొద్దు గూకినాకే. గోళ్లు చీలిపోతాయి, నడుము పట్టేస్తుంది. ఎవరూ లేవరు. ఎవరి చాట ముందు నిండుతుందా అని పంతం.

మా ఇంట్లో మాటలన్నీ మా తమ్ముడు ఆంజనేయులే మాట్లాడేవాడు. నేను కాయలు ఒలిచేవాణ్ణి.

నా కూతురు కదిరమ్మ తొలి కాన్పుకు వచ్చి ఉంది. అల్లుడు గొర్రెలను తోలుకుని మేతకోసం మడకశిర దాటి పోయాడు. కదిరమ్మకు ఊహ తెలియకముందే దాని తల్లి జ్వరంతో పోయింది. దాన్ని పెంచింది మా అమ్మ, భద్రమ్మ. ఆ పొద్దు అమ్మ దాన్ని పని ముట్టనియ్యలేదు. అది గోడకు ఆనుకుని, కడుపు మీద చేతులు పెట్టుకుని, చిన్నాయనను ఎగతాళి చేస్తూ ఉంది.

"చిన్నాయనా, నోటితో ఒలుస్తాండావా, చేత్తో ఒలుస్తాండావా? నీ చాట యాడుండేది ఆడనే ఉండాది."

"నీ కడుపులో వానికి కతలు చెప్తాండానే. పుట్టినాక మీ నాయన మాదిరి మూగోడైతే నాకేం పొద్దు పోతాది?"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆంజనేయులు చాట పక్కకు పెట్టి లేవబోయి, మళ్లీ కూలబడ్డాడు.

"తిమ్మిరెక్కింది" అన్నాడు. పంచె పైకి లాగాడు. ఎడమకాలు తొడదాకా వాచి ఉంది. చర్మం బిగుసుకుని నిగనిగలాడుతూ ఉంది. పాదం నేరేడుపండు రంగుకు తిరిగింది. ఒలుస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"వచ్చింది" అంది అమ్మ. ఆ ఒక్క మాటే.

ఏమి వచ్చిందో ఎవరూ అడగలేదు. ఊరందరికీ తెలుసు. నా చిన్నప్పుడు నాయన చేను గట్టున ఉన్న పుట్టను దున్నేశాడు. కొన్నేళ్లకు, మంచె మీద కాపలా కూర్చుని దిగినవాడు ఇట్లాగే కాలు వాచి పోయాడు. తరువాత నా చెల్లెలు ఓబమ్మ, పురిటి మంచంలో. కోర పడదు, గాటు కనపడదు, కాలు మాత్రం వాస్తుంది. పాము పట్టిన ఇల్లు అని మాకు పేరు. ఇప్పుడు అది మూడోసారి వచ్చిందన్నమాట.

పాము మంత్రం వేసే సుంకన్నను పిలిపించారు. అతను మోకాటికి పైన పగ్గంతో బిగించి కట్టాడు. వేపాకు నోట్లో పెట్టి నమలమన్నాడు.

"ఎట్లుండాది?"

"చేదు."

"సరిగ్గా నమిలి చెప్పప్పా. చేదేనా?"

"చేదు గాక బెల్లమా సుంకన్నా?"

సుంకన్న నవ్వలేదు. "కరిసిన పామైతే చేదు తెలీకూడదు. ఇది కరిసిన పాము కాదు భద్రమ్మా. మీ ఇంటిదే" అన్నాడు. అని ఇంకో చుట్టు బిగించాడు.

సందేళకు కాలివేళ్లు నల్లబడ్డాయి. ఆంజనేయులు కతలు మానేశాడు. కదిరమ్మ తన కాళ్ల వైపు చూసుకోవడం నేను చూశాను. చూసి, వెంటనే కుచ్చిళ్లు కిందికి లాగి కప్పుకుంది.

తెల్లారి నేను ఆ పగ్గం విప్పేశాను. ఎవరికీ చెప్పలేదు. తమ్ముణ్ణి బండిలో వేసుకుని రోడ్డు మీదికి, ఆడ నుంచి బస్సులో కదిరికి పోయాను. కదిరి డాక్టరు కాలు చూసి, ఈడ కాదు, బెంగళూరు తీసుకుపోండి అన్నాడు. ఆ పొద్దున ఇంటి ముందు బండి కదిలేటప్పుడే అమ్మ అడిగింది:

"ఆసుపత్రోళ్లకు పాము కనపడతాదా ఈశ్వరప్పా?"



* * *

బెంగళూరు ఆసుపత్రిలో ఆంజనేయులు చాలా రోజులు పడుకున్నాడు. కాలి కింద దిండ్లు పెట్టి ఎత్తులో ఉంచారు. చేతికి సూది గుచ్చి సీసాలోంచి మందు ఎక్కించారు. కాలు మెల్లగా దిగింది. వాడి నోరు దానికంటే ముందే లేచింది. ఊళ్లో విత్తనం వేసేశారని, మా చేను పక్కచేను వాళ్లే విత్తిపెట్టారని కబురు వచ్చింది. వరండాలో కూర్చుని ఆకాశం వైపు చూడటం తప్ప నాకు అక్కడ పని లేదు.

ఒక డాక్టరమ్మ ఉండేది. చిన్న వయసు. కన్నడం కలిపిన తెలుగు మాట్లాడేది. రోజూ వాడి రక్తం తీసేది. ఒక సీసా వేరే ఊరికి కూడా పంపించామంది. ఒక పొద్దున కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్ల అయిందా?" అని నన్ను అడిగింది.

"అయింది."

"ఎవరికి?"

"నాయనకు."

"ఇంకా?"

నేను కిటికీ వైపు చూశాను.

"మా అన్న నోట్లో మాట పడాలంటే బోరు వేయాల మేడమ్మా" అన్నాడు ఆంజనేయులు. "మా అక్కకు గూడా అయింది. నాకు అప్పుడు తెలీదు, గొర్రెల వెంబడి పోయినా. ఇంట్లో ఉన్నింది ఈయనే."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. ఆ సంగతి నేను అంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, ఊరందరికీ తెలిసిందే అనుకునేవాణ్ణి.

"చెల్లెలు. ఓబమ్మ. బిడ్డ పుట్టినాక కాలు వాచింది. నొప్పంటే మా అమ్మ ఆముదం కాచి తోమింది. తోముతా ఉన్నట్లే లేచి కూర్చునింది. ఊపిరాడలేదు అనింది. అంతే."

"తోమినారా?" అంది డాక్టరమ్మ.

"ఊ."

"గట్టిగానా?"

"మా అమ్మ చెయ్యి గట్టిదే."

ఆమె చేతిలోని కాగితాలు మంచం మీద పెట్టింది. తరువాత మెల్లగా చెప్పింది. మనిషి రక్తం పాల మాదిరి, తోడు పడితే గడ్డకడుతుంది. కడుపులో ఉన్నప్పుడే దేవుడు దానిలో తోడుకోకుండా చూసే సరుకు ఒకటి వేసి పంపుతాడు. మా వంశంలో ఆ సరుకు పుట్టుకతోనే తక్కువ. దానికి ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పింది. ఆ పేరు ఆఖర్న ఎస్ అనే అక్షరం ఉంది. అది నాకు గుర్తుండిపోయింది. అట్లాంటిది ఒకటుందని బయటిదేశాల వాళ్లు ఈమధ్యనే కనుక్కున్నారంట. ఒకేచోట మెదలకుండా కూర్చున్నా, పడుకున్నా, ఒంట్లో నీళ్లు తక్కువైనా, కాన్పు అయినా, కాలిలో రక్తం తోడుకుంటుంది. ఆ గడ్డ కదిలిందంటే పైకి పోతుంది.

"యాడికి?" అని నేనే అడిగాను.

"గుండెలోకి. ఆడ నుంచి ఊపిరితిత్తుల్లోకి. అందుకే అట్లాంటి కాలిని పిసకకూడదు."

ఆంజనేయులు నా వైపు చూశాడు. మా ఇద్దరి కళ్ల ముందూ ఒకే మనిషి కూర్చుని ఉందని నాకు తెలుసు. తెల్లచీర, సన్నగా ఎముక తేలిన చేతులు, ముందర ఆముదం మూకుడు.

"మీకూ ఉండొచ్చు" అంది డాక్టరమ్మ నాతో. "కొందరికి ఉన్నా ఏమీ కాదు. కానీ పిల్లలకు పోతాది. మీకు పిల్లలున్నారా?"

"ఒక కూతురు."

"ఎంత వయసు?"

"కాన్పుకొచ్చి ఉండాది."

ఆమె లేచి నిలబడింది. "ఎన్నో నెల?" అని అడిగింది. చెప్పాను. "ఈ పొద్దే పోండి" అంది. చీటీ రాస్తూనే చెప్పుకుపోయింది. కాన్పు కదిరి ఆసుపత్రిలోనే కావాలి. సూదులు వేయాలి. ఇంటిలోనే అయిపోయినా మంచానికి కట్టిపడేయకూడదు, నడిపించాలి, నీళ్లు తాగించాలి. ఒకవేళ కాలు నొచ్చినా, వాచినా, మెదిలించకుండా, ముట్టకుండా తీసుకురావాలి.

నేను ఒక్కొక్క మాటకు తల ఊపుతున్నాను. మా ఇంట్లో బాలింతను ఎట్లా చూస్తారో నాకు తెలుసు. కిటికీ మూస్తారు. మంచం దిగనియ్యరు. నీళ్లిస్తే జన్ని పడుతుంది, మతి చెడుతుంది అని, వెల్లుల్లి కారంతో అన్నం పెట్టి, గొంతు తడవడానికి ఒక గుక్క కాచిన నీళ్లు పోస్తారు. ఆ పథ్యం మా ఊళ్లో అమ్మ చేసినట్టు ఎవరూ చేయలేరని పేరు. ఇతరుల ఇళ్లకు కూడా పిలుచుకుపోయేవారు.

బయలుదేరుతుంటే ఆంజనేయులు నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా. అమ్మకు ఎట్ల చెప్తావు?"

"చూద్దాం."

"నువ్వు చెప్పద్దు. నేనొచ్చినాక నవ్వుతా ఏదో ఒకటి చెప్తా."

కదిరి దాటాక బస్సు దారిలో ఒకచోట ఆగిపోయింది. అందరూ దిగి చెట్టు కింద కూర్చున్నారు. నేను కూర్చోలేదు. బస్సు చుట్టూ తిరుగుతూ ఉన్నాను.

* * *

ఊరు చేరేటప్పటికి పొద్దు వాలుతూ ఉంది. మా వీధి మొదట్లోనే పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఎదురింటి తిమ్మక్క నన్ను చూసి, "తాతవైనావప్పా! మగబిడ్డ. మొన్ననే, నెలలు నిండకనే వచ్చేసినాడు" అని కేక వేసింది. నేను ఆగలేదు.

పురిటి గదిలోకి మగవాళ్లు పోరు. గడప దగ్గర నిలబడ్డాను. లోపల చీకటి, సాంబ్రాణి పొగ, వెల్లుల్లి వాసన. కదిరమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. పెదవులు చీలి తెల్లటి పొర కట్టి ఉన్నాయి.

"నాయనా, వచ్చినావా" అంది. "రోంత నీళ్లియ్యమని చెప్పు నాయనా అవ్వకు. నాలిక ఎండిపోతాండాది."

"మాపటేలకు ఇస్తా అంటిని గదే" అంది అమ్మ, నా వైపు తిరగకుండానే. "చిన్నాయన ఎట్లుండాడని అడగవా? నీళ్లు, నీళ్లు. ఈ కాలం ఆడపిల్లలకు ఓపిక ల్యా."

అమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది. ముందర మూకుట్లో ఆముదం వేడిగా ఉంది. ఆమె అందులో వేళ్లు ముంచింది.

"ఏం చేస్తాండావు?" అన్నాను.

"పొద్దున్నుంచి ఎడమ పిక్క లాగుతాండాదంట. ఉబ్బింది గూడా. గట్టిగా తోమితే దిగుతాది."

అమ్మ రెండు అరచేతులూ రుద్దుకుని కదిరమ్మ పిక్క మీద పెట్టింది.

నేను గడప దాటాను. అమ్మ మణికట్టు పట్టుకుని, ఆ చేతిని కాలి మీంచి తీశాను. నూనె నా చేతికంతా అంటింది.

"ఏమిరా ఇది? మగోనివి లోపలికొచ్చి..."

"తోమద్దు."

"ఎందుకు తోమకూడదు? నిన్ను కని పెంచినదాన్ని నాకు చెప్పేటోడివైనావా?"

"తోమద్దమ్మా. గడ్డ ఉంటాది. జారతాది."

అమ్మ చేయి విదిలించుకోలేదు. నా చేతిలో అట్లాగే ఉండిపోయింది. పట్టుకున్నది నేనే కాబట్టి, ఆ చెయ్యి ఎప్పుడు చల్లబడిందో నాకు తెలుసు.

నేను బయటికొచ్చి కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచాను. అవి కాచిన నీళ్లు కూడా కావు. కదిరమ్మ తల ఎత్తిపట్టి తాగించాను. సగం గొంతులోకి పోయాయి, సగం మెడ మీద కారాయి. మళ్లీ ముంచుకొచ్చాను.

"జన్ని పడితే జవాబుదారీ ఎవరు?" అంది అమ్మ. కానీ ఆ మాటలో బలం లేదు.

"నేనే."

కదిరమ్మ కాలి కింద రెండు దిండ్లు పెట్టాను. మెదలొద్దని చెప్పాను. కిటికీ తెరిచాను. కదిరికి పోయే చివరి బస్సు వెళ్లిపోయి చాలాసేపయింది. కదిరి దాకా బండి తోలుకుపోతే ఆ గతుకులకు కాలు ఏమవుతుందో అని భయపడ్డాను. పొద్దున మొదటి బస్సు దాకా ఆగాలి. ఆ కాలిలో ఉన్నది అప్పటిదాకా కదలకుండా ఉండాలి.

ఎద్దులకు మేత వేస్తుంటే అమ్మ వెనక వచ్చి నిలబడింది. ఇంకా చీకటి పడలేదు.

"ఈశ్వరప్పా."

"ఊ."

"తోమితే గడ్డ జారతాదంటివి."

"ఊ."

"జారి యాడికి పోతాది?"

నేను శనక్కట్టె విదిలిస్తూ ఉన్నాను. అమ్మ కదలలేదు. చెప్పకపోతే కదిలే మనిషి కాదు.

"గుండెకు."

అమ్మ తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది.

"లేచి కూర్చుని, ఊపిరాడలేదమ్మా అనింది ఓబమ్మ" అంది అమ్మ. "కాలు నా తొడ మీదనే ఉండె."

"ఓబమ్మది వేరేమ్మా" అన్నాను. "దాన్ది పామే. నాయన పుట్ట దున్నినాడు గదా, ఆ పామే వచ్చి దాన్ని తీసుకుపోయింది. డాక్టరమ్మ గూడా అదే అనింది, ఇట్లాంటివి కొన్ని మా చదువులో లేవు, మాకు తెలీవు అని. నీకేం సంబంధం లేదు దాంట్లో."

అమ్మ నా ముఖంలోకి చూసింది.

"ఇంత పెద్ద మాట నువ్వు పుట్టినప్పట్నుంచి ఎప్పుడన్నా మాట్లాడినావురా?" అంది.

తిరిగి లోపలికి పోయింది. నూనె మూకుడు తెచ్చి దిబ్బలో పారబోసింది. ఆ పూట ఏమీ తినలేదు. పురిటి గదిలోకి మళ్లీ పోలేదు. కదిరమ్మ "అవ్వా" అని పిలిచినా పోలేదు. తిమ్మక్క వచ్చి పడుకుంది.

* * *

కదిరమ్మ బతికింది. కదిరిలో, తరువాత బెంగళూరులో చాలాకాలం పట్టింది. ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి ఆ కాలు కొంచెం ఉబ్బుతుంది. పొద్దున లేస్తూనే మాత్ర మింగుతుంది, మా ఆంజనేయులు మింగినట్టే. నాకు ఆ జబ్బు ఇంతవరకు రాలేదు. ఎందుకు రాలేదో ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ ఆ తెల్లవారి ఇదేమీ తెలియదు. కాలు రాత్రికంటే ఎక్కువగా వాచి ఉంది. అంతే తెలుసు.

నేను బండి కట్టాను. కొత్త గడ్డి మందంగా పరిచాను. తిమ్మక్కా నేనూ దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని, కదిరమ్మను కాలు మెదలకుండా తెచ్చి పడుకోబెట్టాం. పదకొండు రోజులు నిండని బాలింతను బయటికి తెస్తున్నానని వీధిలో వాళ్లు తలుపుల దగ్గర నిలబడి చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. పాము మళ్లీ వచ్చిందని వాళ్ల లెక్క.

అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చేతులు రెండూ కొంగు కింద దాచుకుని ఉంది.

"ఎక్కమ్మా" అన్నాను.

"నేనేంటికి?"

"బిడ్డను ఎవరు పట్టుకుంటారు?"

"తిమ్మక్కను పిలుచుకుపో."

నేను లోపలికి పోయి బిడ్డను తెచ్చాను. గుడ్డలో చుట్టిన ఆ బిడ్డ బరువే లేడు, ఒక చాటెడు గింజలంత ఉంటాడేమో. తెచ్చి అమ్మ ఒడిలో పెట్టాను. ఆమె చేతులు కొంగు కింది నుంచి రాలేదు. నేను నా చేతులు తీసేశాను. బిడ్డ ఒక పక్కకు ఒరిగాడు. అప్పుడు వచ్చాయి ఆ చేతులు.

భుజం పట్టి లేపి బండి ఎక్కించాను. అమ్మ కదిరమ్మ తల దగ్గర కూర్చుంది. కదిరమ్మ కళ్లు తెరిచి, "అవ్వా, నీళ్లు తెచ్చినావా?" అంది. నేను చెంబు అందించాను. అమ్మ బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో చెంబు వంచింది. ఆపలేదు. చాలనేంతవరకు పోసింది.

తరువాత బిడ్డకు చుట్టిన గుడ్డ కొస విప్పింది. బయటపడిన వేలెడంత కాళ్లు రెండింటినీ, ముందు ఒకటి, తరువాత ఒకటి, వెలుతురులో వంగి చూసింది. ముట్టుకోలేదు. మళ్లీ కప్పింది.

నేను పగ్గాలు సడలించి ఎద్దులను అదిలించాను.